రెండు వేళ్ళ వంకర

కళ్ళ డాక్టరమ్మ ఎడమ బూటు మీద కర్రతో రెండుసార్లు తట్టాడు కర్ర మాస్టారు. ఆవిడ పాదాన్ని వెనక్కి లాగింది.

"ఎక్కువైంది" అన్నాడు.

ఆవిడ కొంచెం ముందుకు తెచ్చింది.

"ఇప్పుడు తక్కువైంది. అది కాలమ్మా, బీరువా కాదు. అంత బలంగా ఈడ్చక్కర్లేదు."

డాక్టరమ్మ పళ్ళు నూరుకుంది. రోజుకు అరవైమందిని కుర్చీలో కూర్చోబెట్టి, గడ్డం పైకెత్తు, రెప్ప వెయ్యకు అని గదమాయించే మనిషి. పొద్దున్న ఆరున్నరకు మాత్రం ఈ బక్క ముసలాడి చేత చీవాట్లు తింటుంది. ఎనిమిదేళ్ళుగా తింటోంది. మాస్టారు ఆవిడ చుట్టూ ఒకసారి తిరిగి, భుజాలు చూసి, మోకాళ్ళు చూసి, కర్ర చివరతో ఆవిడ బూట్ల చుట్టూ చాప మీద గీతలు గీశాడు.

"కదిలితే ఊరుకోను. కొట్టండి."

గోల్ఫులో బంతిని నేరుగా కొట్టడం పెద్ద విద్య కాదని మాస్టారి అభిప్రాయం. గుడ్డివాడు వంద కొడితే పది నేరుగా పోతాయి. వంచడం విద్య. దారికి అడ్డంగా చెట్టో చెరువో ఉంటే బంతి దాన్ని చుట్టుకుని అవతలికి పోవాలి. ఆ కిటుకు చేతుల్లో లేదు, కాళ్ళలో ఉంది. కుడికాలు వెనక్కి లాగి నిలబడితే ఒళ్ళంతా కుడికి తిరుగుతుంది. బంతి కుడివైపు బయల్దేరి ఎడమకు వంగుతుంది. ఎడమకాలు వెనక్కి లాగితే ఎడమవైపు బయల్దేరి కుడికి వంగుతుంది. అంతే. దీని మీద పుస్తకాలు రాశారట, సినిమాలు తీశారట, ఇప్పుడు మిషన్లు కూడా కనిపెట్టారట. మాస్టారికి ఒక వెదురుకర్ర, దాని చివర దారంతో బిగించి కట్టిన సుద్దముక్క చాలు. నడుము వంచకుండా, నిలబడ్డ చోటు నుంచి కదలకుండా ఎవరి బూట్ల చుట్టూ అయినా గీత గీసేస్తాడు. కర్ర మాస్టారన్న పేరు అలా వచ్చిందే. అసలు పేరు ఆఫీసు రిజిస్టరులో తప్ప ఎవరికీ గుర్తులేదు.

డాక్టరమ్మ కొట్టింది. మైదానం మధ్యలో నూట యాభై గజాలని రాసిన ఇనపస్తంభం ఉంది. బంతి దానికి ఎడమవైపుగా లేచి, దాన్ని దాటుతూ కుడికి ఒరిగి, సరిగ్గా స్తంభం వెనకాల పడింది.

"ఆఁ" అన్నాడు మాస్టారు.

అది ఆయన మెప్పు. అంతకు మించి ఎవరికీ ఇవ్వడు. డాక్టరమ్మ మొహం చిన్నపిల్ల మొహంలా విప్పారింది.

"సాయంత్రం ఆ మిషను పరీక్ష ఉందటగా మాస్టారూ. నేనూ వస్తాను."

"రండి. సర్కసుకు టిక్కెట్టు కూడా లేదు."

ఆవిడ వెళ్ళిపోయాక షెడ్డులో ఒక్కడే మిగిలాడు. రేకుల కప్పు కింద వరసగా ఎనిమిది పచ్చ చాపలు, ఒక్కో చాప పక్కన బంతుల బుట్ట. వెనక గోడకు తగిలించిన అద్దంలో కింది సగం మచ్చలు పడి, మనిషి నడుము దాకానే కనిపిస్తాడు. మాస్టారు అందులోకి చూసుకోడు. చూస్తే ఏముంది? అరవై మూడేళ్ళ మనిషి. ఎడమ భుజం కుడిదానికంటే నాలుగు వేళ్ళు కిందకు జారిపోయింది. ఎండకు మెడ వెనక తోలు ముడతలుపడి గట్టిపడింది. మోకాళ్ళు లోపలికి వంగాయి. ముప్పై ఏళ్ళు లోకంలో ఉన్న నడుములన్నీ సరిచేసి, తన నడుము వంకర చేసుకున్నాడని భార్య దెప్పుతుంది. నిజమే, దెప్పనీ.

అద్దం పక్కన మేకుకు ఆఫీసు కాగితం గుచ్చి ఉంది. వారం కింద పెట్టారు. ఈ సాయంత్రం నాలుగు గంటలకు పాదాల వంకర కొలిచే కొత్త మిషనును పరీక్షిస్తారనీ, క్లబ్బు సెక్రటరీగారు స్వయంగా చాప మీద నిలబడతారనీ, పరీక్ష చూశాక పాత శిక్షకుడి అవసరం ఉందో లేదో కమిటీ నిర్ణయిస్తుందనీ అందులో ఉంది. పాత శిక్షకుడట! పాత సామాను అన్నట్టు. కాగితం చూసినప్పుడల్లా మాస్టారికి ఒళ్ళు మండుతోంది. కానీ వారం రోజులుగా ఆయనకు నిద్ర పట్టనిది అందుకు కాదు. ఎవరి కాళ్ళైనా ఆ మిషను ముందు పెట్టమనండి, దర్జాగా చూపిస్తాడు. సెక్రటరీ కాళ్ళు తప్ప.

సెక్రటరీ కాళ్ళు వంకర. ఆ వంకర పెట్టింది మాస్టారే. తెలిసి పెట్టాడు.

పద్నాలుగేళ్ళ కిందటి మాట. అప్పటికి సెక్రటరీ కాదు, కొత్తగా చేరిన మెంబరు. మొదటిరోజే ఐదుగురు స్నేహితుల్ని వెంటేసుకుని వచ్చాడు. అలవాటు ప్రకారం మాస్టారు కర్రతో అతని బూటు తట్టాడు. అంతే, అతను అంతెత్తున లేచాడు.

"ఏయ్, కర్రతో అదిలిస్తావేంటి? నేనేమన్నా గొడ్డునా? కింద కూర్చుని చేత్తో పెట్టు."

మాస్టారు వంగాడు. వంగితే చాలదన్నాడతను. మోకాళ్ళ మీద కూర్చోమన్నాడు. కూర్చున్నాడు, సిమెంటు నేల మీద. స్నేహితుల్లో ఎవడో కిసుక్కున నవ్వాడు. అప్పుడు అతను మాస్టారి వీపు మీద అరచెయ్యి ఆనించి, కుడి బూటు ముందుకు చాపి, "పనిలో పనిగా ఆ లేసు కూడా కట్టెయ్" అన్నాడు. ఈసారి ఐదుగురూ నవ్వారు. మాస్టారు లేసు కట్టాడు. ముడి బిగిస్తూ ఆ కుడికాలిని రెండు వేళ్ళు వెనక్కి జరిపి, "ఇదండీ మీ చోటు. ఇది మరచిపోకండి" అన్నాడు.

రెండు వేళ్ళంటే రెండే వేళ్ళు. కంటికి ఆనదు. కానీ అలా నిలబడితే బంతి కుడివైపుకు పారిపోతుంది. పారిపోకుండా మణికట్టు ఎడమకు తిప్పడం నేర్పాడు. తప్పు మీద తప్పు వేస్తే ఒప్పులాగే కనిపించింది. మామూలు రోజుల్లో బంతి బుద్ధిగా మధ్యలోనే పడేది. ఒక్కటి మాత్రం ఆ కాళ్ళకు ఈ జన్మలో సాధ్యం కాదు. ఎడమ నుంచి కుడికి బంతి వంగదు. బంతి దింపాల్సిన ఏడో గుంట, అంటే ఏడో హోలు దగ్గర దారి కుడివైపుకు తిరుగుతుంది, మలుపులో గుబురుగా చెట్లు. అక్కడ ఎడమ నుంచి కుడికి వంచాల్సిందే. ఏటా కప్పు ఆట రోజున సెక్రటరీ ఆరు హోళ్ళు రాజాలా ఆడి, ఏడోదాని దగ్గర చెట్లలోకి కొట్టుకుని, మొహం కందగడ్డ చేసుకుని తిరిగొచ్చేవాడు. ఏటా ఆ రోజున మాస్టారు ఏదో పనున్నట్టు కంచె వెనక నిలబడి చూసి, ఈల వేసుకుంటూ ఇంటికెళ్ళేవాడు.

మర్నాడు సెక్రటరీ వచ్చి చాప మీద నిలబడి, "ఏమయ్యా, మళ్ళీ పెట్టు" అనేవాడు. మాస్టారు మళ్ళీ మోకరించేవాడు. మళ్ళీ రెండు వేళ్ళు.

*

మధ్యాహ్నం ఇంటికెళ్ళాడు. ఇల్లంటే క్లబ్బు వెనక గోడకు ఆనించి కట్టిన రెండు గదులు. ఉద్యోగంతోపాటు ఇచ్చారు. ఉద్యోగంతోపాటే తీసుకుంటారు. ముందు గదిలో కిటికీ పక్కన భార్య కుట్టుమిషను. ఆ కిటికీ వెలుతురు కోసమే ఆవిడ ఇరవై ఏళ్ళుగా ఇంకో ఇంటి మాట ఎత్తలేదు. గదంతా జాకెట్టు ముక్కలు, దారపు ఉండలు, తలుపు వెనక ఎవరివో కుట్టిన గౌన్లు. పళ్ళ మధ్య గుండుసూదులు పెట్టుకుని, కాలు మిషను మీదనుంచి తియ్యకుండానే ఆవిడ చేత్తో పళ్ళెం వైపు చూపించింది. మాస్టారు పెట్టుకుని తిన్నాడు. సగం తిన్నాక ఆవిడ సూదులు తీసింది.

"ఇవాళేగా ఆ మిషను?"

"ఊఁ."

"ఏం చెప్తుందంట?"

"కాలు వంకరని చెప్తుంది."

"చెప్పనీ. నాకు తెలీలేదను. ముసలాణ్ణి, చూపు ఆనలేదను. ఛీ అని ఊరుకుంటారు."

మాస్టారు ముద్ద ఆపాడు. "నాకు తెలీలేదని నేను చెప్పాలా?"

"చెప్తే నోరు అరిగిపోతుందా?"

"ముప్పై ఏళ్ళే! ముప్పై ఏళ్ళు ఈ చేత్తో..."

"అబ్బో, మొదలెట్టావా. ఆ చేత్తోనే కదయ్యా వాడి కాలు వంకర తిప్పింది? కోపమొస్తే ఆ రోజే లేసు వాడి మొహాన కొట్టి వచ్చేయాల్సింది. అది చేతకాలేదు. రోజూ ఇంటికి మోసుకొచ్చావు. పద్నాలుగేళ్ళుగా నీకూ నాకూ మధ్యన పడుకుంటోంది ఆ వెధవ కుడికాలు."

మాస్టారికి నవ్వు రావలసింది. రాలేదు. పళ్ళెం తోసేశాడు. ఆవిడ ఆ పళ్ళెం వైపు కూడా చూడలేదు. మిషను కింద నుంచి ఒక చిన్న దిండు తీసి ఆయన ఒళ్ళోకి విసిరింది. మోకాళ్ళ కింద వేసుకునే దిండు. పాతది పల్చబడి చిరిగిపోతే, లోపల గుడ్డ పీలికలు కొత్తగా కూరి, మిగిలిపోయిన నీలం గుడ్డతో తొడుగు కుట్టింది. పద్నాలుగేళ్ళలో ఇది తొమ్మిదోది.

"ఇదే ఆఖరు. మళ్ళీ కుట్టమంటే కుట్టను. నీ మోకాళ్ళకు నూనె రాయలేక నా చేతులు పడిపోతున్నాయి." తర్వాత గొంతు తగ్గించి, కిటికీ వైపు చూస్తూ అంది. "నోరు మూసుకుని ఇల్లు నిలబెట్టు. నేను ఈ వయసులో ఎక్కడికీ రాలేను."

ఆయనకు ఆ మాట గుచ్చుకుంది. దిండు చంకలో పెట్టుకుని లేచాడు.

*

నాలుగింటికి షెడ్డు నిండా జనం. కమిటీ వాళ్ళు ఆరుగురు కుర్చీల్లో కూర్చున్నారు. డాక్టరమ్మ ఆస్పత్రి నుంచి తిన్నగా వచ్చినట్టుంది, గోడ పక్కన నిలబడింది. మొదటి చాప ముందు మూడు కాళ్ళ మీద నల్లటి పెట్టె, దాని పక్కన మనిషంత తెర. మిషనుతోపాటు వచ్చిన కొత్త కోచ్ ముప్పై ఏళ్ళవాడు. తెల్లటి బూట్లు, టోపీ మీద నల్లకళ్ళద్దాలు. మాస్టారిని చూడగానే ఎదురొచ్చి నమస్కారం పెట్టాడు. అదొక చిరాకు. తిట్టే మనిషైతే మాస్టారికి పని తేలికయ్యేది.

"సార్, మీరు రోజూ ఎలా నిలబడతారో అలాగే నిలబడండి" అన్నాడు కోచ్.

సెక్రటరీ చాప మీదకు వచ్చాడు. యాభై దాటినా బిగువైన మనిషి, మెడ మాత్రం లావెక్కింది. చుట్టూ చూసి, "ఏమయ్యా, ఎక్కడున్నావు? పెట్టు" అన్నాడు.

మాస్టారు కర్ర గోడకు ఆనించి, దిండు నేల మీద వేసి, దాని మీద మోకరించాడు. ఆరుగురూ చూస్తున్నారు. మాస్టారు సెక్రటరీ ఎడమ బూటు పట్టుకుని చోటులో పెట్టాడు. కుడి బూటు పట్టుకున్నాక చెయ్యి ఆగింది. ఇప్పుడు నేరుగా పెట్టేస్తే? పెట్టవచ్చు. కానీ కాళ్ళు నేరుగా పెట్టినంత మాత్రాన మణికట్టు ఊరుకోదు, పద్నాలుగేళ్ళ అలవాటు. బంతి ఎడమకు తిరిగి మైదానం పక్కన కట్టిన వలలో పడుతుంది, అప్పుడూ మిషను చెప్పేది చెప్తుంది. మాస్టారు ఇదంతా ఆలోచించే లోపే చెయ్యి తన పని తాను చేసేసింది. రెండు వేళ్ళు.

సెక్రటరీ మూడు బంతులు కొట్టాడు. మూడూ కుడివైపు లేచి మధ్యకు వచ్చి పడ్డాయి. కమిటీ చప్పట్లు కొట్టింది. కోచ్ చప్పట్లు కొట్టలేదు. తెర మీద సెక్రటరీ బూట్లు పెద్దవిగా కనపడ్డాయి, వాటి ముందు ఒక ఎర్రగీత.

"సార్, మీ పాదాలు నాలుగు డిగ్రీలు కుడికి తిరిగి ఉన్నాయి. దాన్ని మీరు మణికట్టుతో సర్దుకుంటున్నారు. ఇలా నిలబడితే ఎడమ నుంచి కుడికి బంతి వంగదు. ఎప్పటికీ వంగదు."

"ఏడో హోలు..." అన్నాడు సెక్రటరీ, తెర మీంచి చూపు తిప్పకుండా.

"అక్కడ మీకు అవకాశమే లేదు సార్."

మాస్టారు దిండు మీదనుంచి లేచి కర్ర అందుకున్నాడు. కోచ్ ఆయన వైపు ఒకసారి చూసి, గొంతు మెత్తగా చేసుకున్నాడు.

"పెద్దాయన తప్పేం లేదు సార్. పాతకాలం పద్ధతి. నాలుగు డిగ్రీలంటే కంటికి తెలీదు. ఎవరికైనా అంతే."

సెక్రటరీ తెర మీంచి చూపు తిప్పాడు. నవ్వాడు.

"పోనీలెండి. పాపం, చదువా సంధ్యా, తెలీక చేశాడు. బంతులేరుకుంటూ ఇక్కడే పడుంటాడు. గదులు కూడా ఉండనీండి. వయసైపోయిన వాళ్ళని రోడ్డు మీద పడేస్తామా ఏంటి?"

కమిటీలో ఒకాయన ఎంత మంచి మనసండీ అన్నాడు. మిగతావాళ్ళు తలలూపారు. ఏ గండం గురించి వారం రోజులు నిద్ర పోలేదో ఆ గండం గడిచిపోయింది. గదులుంటాయి. కిటికీ ఉంటుంది. చెయ్యాల్సిందల్లా తల వంచుకుని నిలబడడం. అది ఆయనకు అలవాటే. వంచబోయాడు కూడా.

అప్పుడు డాక్టరమ్మ నెమ్మదిగా తన బూట్ల వైపు చూసుకుంది.

"మరి నావి?" అంది కోచ్‌తో. "నావి కూడా ఒకసారి చూస్తారా? ఎనిమిదేళ్ళుగా ఈయన పెట్టినట్టే నిలబడుతున్నాను."

వంచబోయిన తల మాస్టారు గబుక్కున ఎత్తాడు.

"మీవి సరిగ్గానే ఉన్నాయమ్మా."

"అది మిషను చెప్తుందిలెండి మాస్టారూ" అంది డాక్టరమ్మ. కోపంగా కాదు, జాలిగానే అంది.

"మిషను చెప్పేదేంటమ్మా? నేను చెప్తున్నాగా! ఈ ముప్పై ఏళ్ళలో నేను వంకర పెట్టింది ఒక్క మనిషి కాళ్ళే. అదీ తెలీక కాదు. కావాలని పెట్టాను."

ఆయన గొంతు అంత పెద్దదని ఆయనకే తెలియదు. సెక్రటరీ ఇటు తిరిగాడు.

"ఏమన్నావు?"

"కావాలని పెట్టానన్నాను. పద్నాలుగేళ్ళుగా. రెండు వేళ్ళు, కొలిచి మరీ."

"అబద్ధం" అన్నాడు కమిటీలో ఒకాయన. "తప్పు బయటపడేసరికి గొప్పలకు పోతున్నాడు."

మాస్టారు రెండో చాప చూపించి, "రండమ్మా" అన్నాడు. డాక్టరమ్మ వచ్చి నిలబడింది. కోచ్ పెట్టెను ఇటు తిప్పాడు. మాస్టారు కర్రతో ఆవిడ బూట్లు తట్టాడు, కుడిది ఒకసారి, ఎడమది రెండుసార్లు. తెర మీద పచ్చగీత, పక్కన సున్నా.

"ఇప్పుడెంత పెట్టమంటారు?" అన్నాడు కోచ్‌తో. "కుడికి."

కోచ్ తటపటాయించాడు. "మూడు."

మాస్టారు కర్రతో ఆవిడ కుడి బూటును వెనక్కి తోశాడు, ఆపాడు. తెర మీద మూడు.

"ఎడమకి?"

"ఒకటిన్నర" అన్నాడు కోచ్. ఈసారి టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

తెర మీద ఒకటిన్నర. కోచ్ మొహంలో జాలి పోయింది. మాస్టారికి కావలసింది అదే. ఛాతీ లోపల ఏదో చల్లబడింది, చాలా ఏళ్ళ తర్వాత.

"ఎందుకు?" అన్నాడు సెక్రటరీ. అరవలేదు. మొహంలో రక్తం లేదు.

"లేసు కట్టించుకున్నారు కదా."

"ఏ లేసు?"

"మీరు వచ్చిన మొదటి రోజు. ఐదుగురిని తెచ్చారు. కర్రతో తట్టానని మోకాళ్ళ మీద కూర్చోబెట్టారు. నా వీపు మీద చెయ్యేసి లేసు కట్టమన్నారు. వాళ్ళు నవ్వారు."

సెక్రటరీ నుదురు ముడివేశాడు. గుర్తు తెచ్చుకుందామని నిజంగానే ప్రయత్నించాడు. అది అతని కళ్ళలో కనిపిస్తూనే ఉంది.

"నాకు గుర్తులేదు" అన్నాడు.

అబద్ధం చెప్పడం లేదు. మాస్టారికి అది తెలిసిపోయింది. అంటే ఈ పద్నాలుగేళ్ళూ ఆ లేసును తను ఒక్కడే మోశాడు. అవతలివాడు ఆ రోజు సాయంత్రానికే మరచిపోయి హాయిగా భోంచేసి పడుకున్నాడు. మాస్టారికి సిగ్గేసింది. సిగ్గుతోపాటు కోపం ఇంకా పెరిగింది, కానీ ఆ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"రేపు పొద్దున్నకల్లా గదులు ఖాళీ చెయ్యాలి" అన్నాడు సెక్రటరీ.

"రేపటిదాకా ఎందుకు? ఇవాళే చేస్తాం."

"ఆగు. ఎక్కడికి?" సెక్రటరీ గొంతు ఇప్పుడు లేచింది. "పాడుచేసింది నువ్వు. బాగుచేసి చావు!" బూటు మొనతో దిండును మాస్టారి వైపు తన్నాడు. "కూర్చో."

దిండు మాస్టారి కాళ్ళ దగ్గరకొచ్చి ఆగింది. మాస్టారు దాన్ని చూశాడు. దాటి వచ్చి సెక్రటరీ పక్కన నిలబడ్డాడు.

"నిలబడే పెడతాను" అన్నాడు.

కర్రతో ఎడమ బూటు మీద తట్టాడు. గట్టిగానే తట్టాడు. సెక్రటరీ దవడలు బిగుసుకున్నాయి. అయినా కాలు వెనక్కి తీశాడు. ఇంకోసారి తట్టాడు. ఇంకొంచెం తీశాడు. భుజానికి కర్ర ఆనించి ఎడమకు తిప్పాడు. బంతిని కర్రతోనే ఎడమ మడమ వైపు ఇంత జరిపాడు. చివరికి సుద్దతో రెండు బూట్ల చుట్టూ గీతలు గీశాడు. సెక్రటరీ బూట్ల చుట్టూ ఆయన గీత గియ్యడం అదే మొదలు.

"ఎడమచేతి చివరి మూడు వేళ్ళు బిగించండి. బంతి పోయేదాకా వదలొద్దు. మణికట్టు తిరగాలని చూస్తుంది, తిరగనివ్వకండి. ఇప్పుడు ఆ స్తంభానికి ఎడమవైపు కొట్టండి."

సెక్రటరీ కొట్టాడు. బంతి ఎడమవైపు లేచింది. స్తంభం దగ్గరకు వెళ్ళేదాకా నేరుగానే పోయింది. అక్కడ నెమ్మదిగా కుడికి ఒరిగి, స్తంభాన్ని చుట్టుకుని, దాని వెనకాల పడి రెండుసార్లు ఎగిరి ఆగింది.

"ఆఁ" అన్నాడు మాస్టారు. అనకూడదనుకున్నాడు. దెబ్బ బాగుంటే ఆయన నోరు ఆయన మాట వినదు.

సెక్రటరీ అలాగే నిలబడిపోయాడు. పద్నాలుగేళ్ళలో మొదటి ఆఁ అది. "మళ్ళీ కొడితే? వస్తుందా?" అన్నాడు. ఎవరినడుగుతున్నాడో తెలియనట్టు అడిగాడు.

"ఏమో. ఆ గీతల్లోంచి మాత్రం కదలకండి" అని మాస్టారు కర్ర పట్టుకుని బయటికి నడిచాడు. డాక్టరమ్మ ఏదో అనబోయింది. ఆయన ఆగలేదు.

*

భార్య కిటికీ దగ్గరే ఉంది. ఆయన గుమ్మంలో నిలబడిన తీరు చూసే మిషను ఆపేసింది.

"ఏమన్నావు?"

"తెలిసే చేశానన్నాను."

ఆవిడ తిట్టింది. మొండి మనిషి అంది, ఇంటిమీదకు తెచ్చేదాకా ఊరుకోలేదు అంది, నోరు కాదు అది అంది, ఆ నోటికి గుండుసూదులు గుచ్చాలంది. తిడుతూనే లేచి, తలుపు వెనక గౌన్లు తీసి మడతపెట్టింది. తిడుతూనే వంగి కుట్టుమిషను బెల్టు ఊడదీసింది. కళ్ళు తుడుచుకుంది గానీ చేతులు ఆపలేదు. తమ్ముడి ఇంట్లో వెనక గది ఉందని, దానికి కిటికీ లేదని, అయినా చచ్చినట్టు సర్దుకోవాలని తనలో తానే చెప్పుకుంది. మాస్టారు మంచం కింద పెట్టెలు లాగాడు. చీకటి పడకముందే తోపుడుబండి వచ్చింది. రెండు పెట్టెలు, పరుపు, గిన్నెల మూట, అన్నిటికంటే పైన కుట్టుమిషను.

"దిండేదీ?" అంది ఆవిడ, మూట కడుతూ.

"అక్కడే వదిలేశా."

"మధ్యాహ్నమే కుట్టాను కదయ్యా!"

"ఇంక అవసరం లేదు."

ఆవిడ ఆయన మోకాళ్ళ వైపు చూసి, బండి అంచు తను కూడా పట్టుకుంది.

బండి క్లబ్బు కంచె పక్కనుంచే పోవాలి, వేరే దారి లేదు. షెడ్డు దగ్గరకొచ్చేసరికి మాస్టారి నడక తగ్గింది. కుర్చీలన్నీ ఖాళీ. తెర ఆరిపోయింది. కోచ్ నల్లపెట్టెను సంచిలో సర్దుతున్నాడు. మొదటి చాప మీద సెక్రటరీ ఒక్కడే నిలబడి ఉన్నాడు, రెండు బూట్లూ సుద్దగీతల్లోనే. బంతి కావాలంటే పక్కనున్న బుట్ట దాకా నాలుగు అడుగులు వెయ్యాలి. అతను వెయ్యడం లేదు. కోచ్‌ను పిలిచి బంతి పెట్టమన్నాడు. కోచ్ తెల్లబూటు మొనతో ఒక బంతిని అతని ముందుకు తోసి, మళ్ళీ తన సంచి దగ్గరకు వెళ్ళిపోయాడు. సెక్రటరీ కొట్టలేదు. గోల్ఫుకర్ర ఎత్తాడు, దించాడు, కాళ్ళ వైపు చూసుకున్నాడు.

"రా, ఇంకేం చూస్తావు?" అంది భార్య.

మాస్టారు చూసింది సెక్రటరీని కాదు. అతనికి రెండు అడుగుల అవతల, తన్నితే వెళ్ళి ఆగిన చోటే పడివుంది నీలం దిండు. మధ్యాహ్నం కొత్తగా కుట్టినది. ఒక్కసారి మోకరించినందుకే దాని మీద పక్కపక్కన రెండు గుంటలు పడి, అవి ఇంకా అలాగే ఉన్నాయి.